నాలుగిళ్ళ చేతులు, ఒక్క గుడ్డ: ఇంట్లో వేసుకునే కాళహస్తి కలంకారీ

తిరుపతిలో పెళ్ళిరోజుకో షష్టిపూర్తికో కానుక అంటే వెండి కుంకుమభరిణె, కాకపోతే ఫ్రేము కట్టిన దేవుడి పటం. అవి ఇంట్లో ఇప్పటికే అయిదారు ఉంటాయి. బాగా కలిసిమెలిసి ఉండే నాలుగు కుటుంబాలకు ఇంకో దారి ఉంది. అందరూ కలిసి ఒకే గుడ్డ మీద కలంకారీ, అంటే వెదురు కలంతో గీసి సహజ రంగులు నింపే బొమ్మలు, వేసి ఇవ్వొచ్చు. ఆ విద్య 40 కిలోమీటర్లలోపే శ్రీకాళహస్తిలో ఉంది. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక ఆ ఊరు మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది.

కాళహస్తి పనివాళ్ళకు ఏళ్ళ తరబడి సాధనతో వచ్చిన చెయ్యి మనకు రెండు మూడు ఆదివారాల్లో రాదు. రావాల్సిన అవసరమూ లేదు. స్నేహితుల గుంపుకు ఇది కుదిరేది ఇందులోని పనుల వల్ల. నానబెట్టాలి, పిండాలి, ఆరబెట్టాలి, పుల్ల చెక్కాలి, చుక్కలు పెట్టాలి, అక్షరాలు రాయాలి. బొమ్మ గీయడం రానివాళ్ళకు కూడా చేతినిండా పనే. గీయగలిగిన ఒక్కరికే అంతా అప్పజెప్పి మిగతావాళ్ళు సెల్‌ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటే ఆ గుడ్డ ఆ ఒక్కరిదే అవుతుంది. అందుకే కింద చెప్పే ప్రతి పనికీ అది ఎవరి చేతికి ఇవ్వాలో కూడా రాస్తున్నాం.

కాలం చూసుకోండి. సంక్రాంతి వెళ్ళాక మార్చి దాకా మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు. పాలలో ముంచిన గుడ్డ ఆరక ముందే పులుస్తుంది, వాసన పోదు. మే నెల ఎండలో గుడ్డ త్వరగానే ఆరుతుంది గానీ ఎండ తగిలిన వైపు ముదురు పసుపై, మడత వైపు పాలిపోయి అట్లే నిలుస్తుంది.

ముందు నల్ల నీళ్ళు

బొమ్మలు వేసే ఆదివారానికి మూడు వారాల ముందే మొదలుపెట్టాల్సింది కసిం, అంటే నల్ల గీతకు వాడే నీళ్ళు. పావు కిలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, 100 గ్రాముల తాటిబెల్లం, లీటరు నీళ్ళు. తాటిబెల్లం దొరక్కపోతే మన చిత్తూరు నల్లబెల్లం చాలు. కుండ గానీ గాజు జాడీ గానీ తీసుకోండి. ఇనుప బిందె వద్దు, అల్యూమినియం వద్దు. మూత బిగించకుండా పల్చటి గుడ్డ కట్టాలి. బెల్లం పులిసేటప్పుడు గాలి పుడుతుంది, బిగించిన మూత ఎగిరిపోతుంది.

లోపల జరిగేది ఇది: బెల్లం పులిసి చివరకు వెనిగర్ లాంటి పులుపవుతుంది, ఆ పులుపు ఇనుమును కరిగించుకుంటుంది. కాబట్టి ఇనుము ఎటువంటిదో చూడాలి. జింకు పూత మేకులు వేస్తే ముందు జింకు కరుగుతుంది, నలుపు రాదు. స్టెయిన్‌లెస్ స్టీలు అసలే పనికిరాదు. రంగు పూసిన గేటు ముక్కలైతే నిప్పులో కాల్చి పెచ్చు రాల్చాకే వెయ్యాలి. పాత లాడాలు, వంగిన మామూలు మేకులు, మరమగ్గం విడిభాగాలు దొరికితే మరీ మంచిది.

ఈ జాడీని ఇంటర్ చదివే పిల్లకో పిల్లాడికో అప్పజెప్పండి. రెండు మూడు రోజులకొకసారి కర్రతో కలపడం, పైన తెల్లటి పొర కడితే తీసెయ్యడం, చిన్నపిల్లలకు అందని చోట పెట్టి పేరు రాసి అంటించడం వాళ్ళ పని. 15 రోజులయ్యాక నుంచి పరీక్ష చెయ్యొచ్చు. కరక్కాయ పట్టించిన గుడ్డ ముక్క మీద ఒక చుక్క వేస్తే ముందు బూడిద రంగులో కనిపించి, నాలుగైదు నిమిషాల్లో కాటుక నలుపుకు తిరగాలి. బూడిద దగ్గరే ఆగితే ఇంకో అయిదు రోజులు ఉంచండి. మామూలు తెల్ల గుడ్డ మీద వేసి "నలుపు రాలేదే" అని కంగారు పడేవాళ్ళు చాలామంది. కరక్కాయ లేని గుడ్డ మీద అది తుప్పు రంగే చూపిస్తుంది. నలుపు పుట్టేది కరక్కాయ వగరూ ఇనుమూ కలిసిన చోటనే.

నల్లగా రావాలని ఇనుము రెట్టింపు వేసి నెలల తరబడి నానబెట్టకండి. ఘాటు మించిన కసిం గుడ్డను తినేస్తుంది. పాత కలంకారీల్లో మిగతా గుడ్డ బాగానే ఉండి నల్ల గీత ఉన్న చోట మాత్రమే చిరిగిపోవడానికి కారణం అదే.

గుడ్డకు కరక్కాయ, పాలు

కావలసింది కోరా, అంటే తెలుపు చెయ్యని నూలు గుడ్డ. కాళహస్తిలో గాడా అంటారు. 44 అంగుళాల పన్నాలో మీటరుముప్పావు తీసుకుంటే ఉడికించి ఆరేశాక కుంచించుకుపోయినా 100 సెంటీమీటర్లు × 150 సెంటీమీటర్లు నికరంగా దొరుకుతుంది. బరువు సుమారు 300 గ్రాములు. కింది లెక్కలన్నీ ఆ బరువుకే. అంగట్లోనే ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. బూడిదైతే నూలు, గట్టి పూసలా ముద్ద కడితే పాలిస్టర్ కలిసింది. పాలిస్టర్‌కు ఈ రంగులేవీ పట్టవు.

గుడ్డను రాత్రంతా నీళ్ళలో నానేసి, మరుసటి రోజు రెండు చెంచాల చాకలిసోడా వేసి అరగంట ఉడికించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాలి. గంజి పోయిందో లేదో తెలియడానికి ఆరిన గుడ్డ మీద ఒక నీటి చుక్క వెయ్యండి. తక్షణం ఇంకిపోవాలి. ముత్యంలా నిలబడితే మళ్ళీ ఉడికించాల్సిందే. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది, అప్పుడు చేయగలిగింది లేదు.

గింజ తీసేసిన కరక్కాయ పెచ్చుల పొడి 60 గ్రాములు కావాలి. ఆయుర్వేద మూలికల అంగట్లో దొరుకుతుంది. త్రిఫల చూర్ణం ఇస్తే తీసుకోవద్దు, అది మూడు కాయలు కలిసిన పొడి. దీన్ని రెండు గ్లాసుల నీళ్ళలో గంటసేపు నానబెట్టి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. వడకట్టకపోతే ఒక్కో రేణువు దగ్గర ఒక్కో ముదురు చుక్క తేలుతుంది. వడకట్టిన రసంలో ముప్పావు లీటరు కాచని ఎనుము (గేదె) పాలు, అరలీటరు నీళ్ళు కలపండి. మన వైపు ఇళ్ళకు వచ్చేవి ఎక్కువగా ఆవుపాలే కాబట్టి ఎనుము పాలు కావాలని రెండు రోజుల ముందే పాలాయనకు చెప్పి పెట్టాలి. అవి దొరక్కపోతే ఆవుపాలే లీటరు తీసుకుని, నీళ్ళు పావు లీటరుకు తగ్గించండి. వెన్న తీసిన ప్యాకెట్ పాలు మాత్రం పనికిరావు. పాలలోని కొవ్వే సిరాను పాకకుండా నిలబెడుతుంది. అది తక్కువైతే గీత అంచులు పాకి గొంగళిపురుగులా మారతాయి. ఎక్కువైనా తంటానే. గుడ్డ జిడ్డెక్కి కలం జారుతుంది, సిరా లోపలికి దిగదు.

గుడ్డను ప్లాస్టిక్ టబ్బులో 20 నిమిషాలు ముంచి ఉంచి, మధ్యలో తిప్పుతూ ఉండాలి. పిండటానికి ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని ఎదురెదురు దిక్కుల్లో మెలి తిప్పాలి, వెంటనే విప్పి పూర్తిగా పరచాలి. మెలి మీదే వదిలేస్తే చారలు పడతాయి. "బావా, నువ్వు ఆ కొస పట్టు, నిదానంగా తిప్పు" అంటూ ఇద్దరు బలమైనవాళ్ళకు ఈ పని ఇస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది.

ఆరబెట్టడంలోనే ఎక్కువ గుడ్డలు పాడవుతాయి. మిద్దె మీద ఇనుప తీగ ఉంటుంది కదా, దానికి తుప్పు ఉంటే గుడ్డ మధ్యలో నల్ల గీత పడి ఇక జన్మలో పోదు, ఎందుకంటే తుప్పు కూడా ఇనుమే. తుప్పు పట్టిన క్లిప్పులూ, ఇనుప బకెట్టు కమ్మీ, ఇనుము ఎక్కువున్న బోరు నీళ్ళూ అదే చేస్తాయి. కొత్త సిమెంటు నేల మీద నేరుగా పరిస్తే సున్నం తగిలి మరకలు పడతాయి. నేల మీద పాత చీర పరిచి, దాని మీద గుడ్డ వేసి, పావుగంటకొకసారి తిరగెయ్యండి. ఆరాక లేత పసుపు రంగులో, కాస్త కరకరలాడుతూ ఉంటుంది. వెలుతురు తగలని చోట మడిచిపెట్టి వారంలోపు వాడుకోవాలి.

కలాలు, బొగ్గుపుల్లలు

కలం చెయ్యడం సులువే. పెన్సిలంత లావు వెదురు పుల్లను జానెడు పొడవు కోసి మొన చెక్కాలి. మొనకు ఒక అంగుళం పైన ఉన్ని గుడ్డ పేలికను, పాత గొంగళి ముక్కైతే ఇంకా మంచిది, ఉసిరికాయంత ఉండలా చుట్టి నూలు దారంతో గట్టిగా కట్టాలి. కసింలో ముంచితే ఉండ పీల్చుకుంటుంది. బొటనవేలితో మెల్లగా నొక్కితే మొనకు దిగుతుంది. దారం వదులుగా కడితే చుక్కలు కారుతాయి, ఉండ మరీ పైన కడితే సిరా మొనకు చేరేలోపే ఆరుతుంది. గీతలకు సన్న మొనవి నాలుగు, రంగు నింపడానికి మొన నలగ్గొట్టి కుంచెలా చేసినవి నాలుగు చాలు. గీయడం మాకు రాదనే బాబాయిలకు ఈ పని ఇచ్చి చూడండి, మొన చెక్కడంలో పోటీ పడతారు.

గీసుకోవడానికి చింత బొగ్గు కావాలి. వేలి లావు లేని చింతపుల్లలను పాత డబ్బాలో ఇసుక మధ్య పేర్చి, మూత పెట్టి పొయ్యిలో కాల్చాలి. గాలి తగిలితే బూడిదవుతుంది, ఇసుక అందుకే. ఈ బొగ్గు గీత తప్పయితే గుడ్డతో దులిపితే పోతుంది. పెన్సిల్ గీత పోదు, ఉతికినా కనిపిస్తూనే ఉంటుంది.

ఏం గీయాలి, ఎక్కడ గీయాలి

కాళహస్తి పనిలో కథ చెప్పే పెద్ద గుడ్డల అమరిక మనకు సరిగ్గా సరిపోతుంది. నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ వరసల్లో చిన్న గళ్ళు, గడి కింద తెలుగులో వివరం. 1957లో చేతివృత్తులను నిలబెట్టడానికి పనిచేసిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం రాకముందు ఈ పని దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చింది. తర్వాత ఆ ఊరి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చేదాకా ఎదిగింది. ఆ గుడ్డల మీద ఎక్కువగా రామాయణ, భారత కథలు. మన గుడ్డ మీద కథ ఆ ఇంటిది.

కొలతలు ఇలా వేసుకోండి. నాలుగు వైపులా 5 సెంటీమీటర్లు కుట్టుకు వదలాలి. లోపల 8 సెంటీమీటర్ల అంచు. మిగిలేది 74 × 124. పైన 28 సెంటీమీటర్ల పట్టీ, కింద 28 పట్టీ, నడుమ 68. పై పట్టీని మూడు, కింది పట్టీని మూడు గళ్ళు చేస్తే ఆరు గళ్ళు వస్తాయి. ఒక్కో గడిలో బొమ్మకు 24 సెంటీమీటర్ల చదరం, దాని కింద రాతకు 4 సెంటీమీటర్లు. గడి లెక్కన మనిషికో గడి కాదు, ఇంటికో గడి ఇవ్వండి. మిగిలిన రెండు గళ్ళు పిల్లలకు ఒకటి, పెద్దవాళ్ళకు ఒకటి.

గడిలో ఏం గీయాలంటే అందరూ ముందు ఫోటో తీసి చూపిస్తారు. ఫోటో నుంచి ముఖం దించితే ఎవరిదో తెలియని ముఖం వస్తుంది, ఇది మా గట్టి అభిప్రాయం. కలంకారీ ముఖాలకు పెద్ద కళ్ళు, ఒక పక్కకు తిరిగిన చూపు. అందులో పోలిక రాదు. మనిషిని వస్తువుతో గుర్తుపట్టించండి. ఆయనకు కళ్ళజోడూ చేతిలో పేపరూ, ఆమెకు మల్లెపూల జడా, గ్యాసు పొయ్యి మీద ఫిల్టర్ కాఫీ గిన్నె. ముందు వారం ఒక్కో ఇంటినీ ఒకే ప్రశ్న అడగాలి. "అక్కా, వాళ్ళిద్దరూ అనంగానే నీకు కంటికి కనపడేది ఏంది?" పాత స్కూటర్ అంటారు, తలకోన ప్రయాణం అంటారు, గోవిందరాజస్వామి గుడి దగ్గర ప్రతి శనివారం కొనే పూలు అంటారు. అవే గళ్ళు. పెళ్ళినాటి దండలు మార్చుకోవడం, కేకు కోయడం వదిలెయ్యండి. అవి ఆల్బంలో ఉన్నాయి.

నడుమ భాగంలో ఒక చెట్టు, కింద ఇద్దరు మనుషులు, వెనక ఏడుకొండల గీత. చెట్టు ఎందుకంటే ఆకులు ఎన్నైనా వెయ్యొచ్చు. వచ్చిన ప్రతి మనిషీ ఒక ఆకు గీస్తాడు, గీయలేనని మొండికేసే మామ కూడా. ఆకులన్నీ ఒకే తీరులో ఉండాలని పట్టుబట్టకండి. కొమ్మలు మాత్రం గీయగలిగిన ఒక్కరే ముందుగా బొగ్గుతో గీసి పెట్టాలి, లేకపోతే చెట్టు పొదలా అవుతుంది.

అంచు పని ముగ్గులేసే చేతికి. ఇందులో రెండో మాట లేదు. రోజూ వాకిట్లో చుక్కలు సమదూరంలో పెట్టే అవ్వ స్కేలు లేకుండా 8 సెంటీమీటర్ల అంచు నింపేస్తుంది. "అవ్వా, ఈ అంచు నువ్వే చూసుకోవాల" అని నాలుగు మూలలకు బొగ్గుతో గుర్తు పెట్టి ఇస్తే చాలు. ఒకే చిక్కు ఉంది. మూల దగ్గర డిజైను తెగకుండా ఉండాలంటే మూలల నుంచి మొదలుపెట్టి మధ్యకు రావాలి. మధ్యలో తేడా వస్తే ఒక పువ్వు పెట్టి సర్దొచ్చు, మూలలో సర్దలేం.

అక్షరాలు రాసేవాళ్ళకు ఒక హెచ్చరిక. అక్షరం ఎత్తు ఒకటిన్నర సెంటీమీటరుకు తగ్గకూడదు. తెలుగు అక్షరాల కడుపులు చిన్నవి. సిరా పిసరంత పాకినా ఠ, థ లోపలి చుక్కలు, సున్నాలు పూడుకుపోయి ఒకే ముద్దగా కనిపిస్తాయి. ఈ లెక్కన 24 సెంటీమీటర్లలో పన్నెండు పదమూడు అక్షరాలే పడతాయి. "పాత స్కూటర్ మీద తలకోన" సరిగ్గా సరిపోతుంది. అంతకు మించిన వాక్యం రాయాలనుకుంటే కుదించండి. రాసే మనిషి ముందు చిత్తు ముక్క మీద ఒకసారి రాసి చూసుకోవాలి.

నల్ల గీత వేసే రోజు

ఒక్క గుడ్డ చుట్టూ పన్నెండుమంది కూర్చోలేరు, అటు వైపు కూర్చున్నవాళ్ళకు బొమ్మ తలకిందులవుతుంది. బల్ల మీద పై పట్టీ మాత్రం పరిచి మిగతా గుడ్డ ఒళ్ళో పడేలా వదిలి, ముగ్గురు వరసగా కూర్చోవాలి. పై పట్టీ అయ్యి ఆరాక గుడ్డను ముందుకు జరిపి నడుమ భాగం, ఆ తర్వాత కింది పట్టీ. ఒక్కో దశకు గంట, గంటన్నర. వంతు లేనివాళ్ళు వంటింట్లో, పిల్లల దగ్గర.

బల్ల మీద ముందు ప్లాస్టిక్ షీటు, దాని మీద రెండు మడతల పాత దుప్పటి, ఆ పైన మన గుడ్డ. ప్లాస్టిక్ మీద నేరుగా గుడ్డ వేస్తే సిరా కింద మడుగు కట్టి పాకుతుంది. ప్లాస్టిక్ లేకుండా దుప్పటి ఒక్కటే వేస్తే కసిం కిందికి దిగి మార్బుల్ నేలకు తుప్పు మరక పడుతుంది. ఇంటావిడ జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది.

కలం ముంచాక గిన్నె అంచుకు ఒకసారి ఒత్తి, చిత్తు గుడ్డ మీద ఒక గీత గీసి, అప్పుడు అసలు గుడ్డ మీదికి రావాలి. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి. ఎడమచేతి వాటమైతే కుడి నుంచి. గీసేటప్పుడు గీత లేతగా కనిపిస్తుంది, నల్లబడటానికి నిమిషాలు పడుతుందని తెలియక దాని మీదే మళ్ళీ మళ్ళీ గీస్తారు. అట్లా గీసిందే చివరకు లావై పాకుతుంది. గీత రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. జుట్టు, ఏనుగు లాంటివి నిండు నలుపుతో నింపకుండా దగ్గర దగ్గర గీతలతో నింపండి. గుడ్డ బతికేది అట్లా చేస్తేనే.

చుక్క పడితే? నిమ్మరసం తగిలిస్తే నలుపు విరుగుతుంది, నిజమే. కానీ ఆ చోట పాల పొర కూడా పోయి, చుట్టూ తెల్లటి వలయం మిగిలి మచ్చ ఇంకా పెద్దదవుతుంది. చుక్కను ఆకుగానో పిట్టగానో మార్చడమే మేలు. అందుకే చెట్టు చుట్టూ కొంత ఖాళీ ఉంచుకోవాలి.

కానుక అందుకునే జంటకు ఇదంతా రహస్యంగా ఉంచాలా అని అడుగుతారు. అక్కర్లేదు. నడుమ బొమ్మ కింద పేర్ల పట్టీ వాళ్ళ కోసమే ఖాళీగా ఉంచి, చివర్లో వాళ్ళచేతే రాయించండి. ఎవరి పేరు ఎవరు రాస్తారన్నది వాళ్ళే తేల్చుకుంటారు.

తిండి సంగతి

గుడ్డ దగ్గరికి నూనె, నిమ్మ, చింతపండు, పసుపు రాకూడదు. నూనె వేలు పడిన చోట రంగు పట్టదు. కాబట్టి బజ్జీలు, వడలు, నిమ్మకాయ పిండిన మసాలా బొరుగులు అన్నీ సాయంత్రానికి. పని జరిగేటప్పుడు వట్టి బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, బెల్లం ముక్క, మజ్జిగ.

మధ్యాహ్నానికి రాగి సంగటి పెడితే వంటమనిషి కూడా గుడ్డ దగ్గర కూర్చోగలుగుతుంది. పన్నెండుమందికి నాలుగు గ్లాసుల బియ్యం, నాలుగు గ్లాసుల రాగిపిండి, 16 గ్లాసుల నీళ్ళు, ఉప్పు. బియ్యం మెత్తగా, నీళ్ళు ఇంకా పైన తేలేట్టుగా ఉడికాక పిండిని నడుమ కుప్పగా పోసి, కలపకుండా కట్టెతో ఒక గుంత చేసి, మూత పెట్టి సన్న సెగ మీద పది పన్నెండు నిమిషాలు వదిలెయ్యాలి. ఆవిరి ఆ గుంతలోంచి పైకి వచ్చి పిండిని ఉడికిస్తుంది. ముందే కలిపితే గడ్డలు కడుతుంది, లోపల పచ్చిపిండి మిగులుతుంది. దించాక గిన్నెను ఒకరు పట్టుకుంటే ఇంకొకరు కట్టెతో గట్టిగా ఎనపాలి. తడి చేత్తో ముద్దలు చెయ్యాలి. పక్కన చెనిక్కాయల ఊరిబిండి, ఆకుకూర పప్పు చాలు. నాటుకోడి పులుసు కావాలంటే పొద్దున్నే పొయ్యి మీదికి ఎక్కించాలి, ముదురు కోడి గంటన్నరకు గానీ మెత్తబడదు. తిన్నాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కునే మళ్ళీ గుడ్డ ముట్టాలి.

పసుపు తప్పదు, ఎరుపు ఓపికను బట్టి

నల్ల గీత ఒక రోజంతా ఆరాక గుడ్డను ధారాళమైన నీళ్ళలో ఉతికి, మిగిలిన కసింనూ పాలనూ పోగొట్టి ఆరెయ్యాలి. రెండో ఆదివారం పసుపు. దానిమ్మ తొక్కలు జ్యూసు బండి దగ్గర అడిగితే ఊరికే ఇస్తారు. ఎండబెట్టినవి పావు కిలో, లీటరున్నర నీళ్ళలో మూడో వంతు మిగిలేదాకా మరిగించి, వడకట్టి, చెంచాడు పటిక పొడి కలపాలి. గిన్నె స్టీలుది అయ్యుండాలి. ఇనుప మూకుట్లో మరిగిస్తే పసుపుకు బదులు బురద పచ్చ వస్తుంది. పటిక వేసిన గిన్నె మళ్ళీ వంటకు వాడకండి. రంగు వేసే ముందు గుడ్డను మరోసారి పాలలో ముంచి ఆరబెట్టాలి, ఈసారి పాలకు రెండింతలు నీళ్ళు. మొదటి పాలు ఉతుకులో పోయాయి కాబట్టి ఇది లేకుండా రంగు గీత దాటి పోతుంది. నింపడం పిల్లల పని. లావు కలాలు ఇచ్చి, గీతకు కాస్త లోపలే ఆపమని చెప్పండి, మిగతా దూరం రంగే పాకుతుంది.

ఎరుపు కావాలంటే పసుపు కన్నా ముందే, నల్ల గీత వేసిన రోజో మరుసటి రోజో పటిక నీళ్ళు పుయ్యాలి. 50 గ్రాముల పటిక అరలీటరు వేడినీళ్ళలో కరిగించి, ఎక్కడెక్కడ ఎర్రబడాలో అక్కడ మాత్రమే. పటిక నీళ్ళు కంటికి కనపడవు కాబట్టి ఉతికితే పోయే రంగు ఏదైనా పిసరంత కలుపుకోవాలి. రెండు మూడు రోజులు ఆరనిచ్చి పారే నీళ్ళలో ఉతకాలి. బకెట్లో ముంచితే అంటుకోని పటిక కరిగి గుడ్డంతా పరుచుకుని, అంతటా ఎరుపెక్కుతుంది. కాళహస్తిలో స్వర్ణముఖి నదిలో జాడించేది ఊరికే కాదు. ఇంట్లోనైతే ఇద్దరు గుడ్డను నిలువుగా పట్టుకోవాలి, ఇంకొకరు పైపుతో నీళ్ళు కొట్టాలి. ఆ తర్వాత 200 గ్రాముల మంజిష్ఠ (ఎర్ర రంగిచ్చే వేరు) పొడితో పది లీటర్ల నీళ్ళలో గుడ్డ వేసి, గంటసేపు నెమ్మదిగా వేడెక్కిస్తూ కర్రతో తిప్పుతూనే ఉండాలి. తిప్పడం ఆపితే మడతల్లో ఎరుపు పట్టదు. ఎరుపు అయ్యాక ఉతికి, పాలు పట్టించి, అప్పుడు పసుపు. మొదటిసారి వేసే గుంపు ఎరుపు జోలికి పోకపోవడమే మంచిది. నలుపు, పసుపు, కోరా రంగు మూడూ చాలా అందంగా ఉంటాయి. నీలిమందు ఇంట్లో పెట్టుకునే పని కాదు, వదిలెయ్యండి.

పూర్తయిన గుడ్డను రోజంతా ఎండ పడే గోడకు వేలాడదీస్తే ముందు పసుపు పాలిపోతుంది. ఫ్రేము కట్టిస్తే గాజుకూ గుడ్డకూ మధ్య సందు ఉండాలి, లేకపోతే వానాకాలం తేమ పట్టి బూజు వస్తుంది. పైన వెదురు కర్ర దూర్చి వేలాడదీయడం అన్నిటికన్నా సులువు. ఉతకాలంటే కుంకుడు రసం చల్లటి నీళ్ళలో. నిమ్మ వాసన సబ్బులూ, మరకలు పోగొట్టే పొడులూ వద్దు. ఇస్త్రీ వెనక వైపు నుంచి.

మిగిలిన కసిం పారబోయకండి. వడకట్టి గాజు సీసాలో వదులు మూతతో పెడితే కొన్ని నెలలు నిలుస్తుంది. పల్చబడితే పిడికెడు ఇనుప ముక్కలూ చిన్న బెల్లం గడ్డా వేసి మళ్ళీ పది రోజులు ఉంచాలి. వాడే ముందు చిత్తు ముక్క మీద చుక్క పరీక్ష తప్పదు.